మామ్మగారి వాటా

గది తిరుగుతోంది. నేను తిరగడం లేదు, కుర్చీ తిరగడం లేదు, గదొక్కటే నెమ్మదిగా, మర్యాదగా, ఎవరికీ ఇబ్బంది లేకుండా తిరుగుతోంది. చర్చి పక్కనున్న ఈ చిన్న గదిలో, అయ్యగారి నల్లగౌను తగిలించే కొక్కెం కింద, వీపు ఆనించనివ్వని చెక్క కుర్చీలో, రెండు చేతులతో దాని అంచులు పట్టుకుని కూర్చున్నాను. ఆరాధన అయిపోయింది. జనం కోట్లు తొడుక్కుని, చేతులు కలిపి, దగ్గుకుంటూ వెళ్ళిపోయారు. అయ్యగారికి పక్క ఊళ్ళో ఇంకో చర్చి ఉంది, అక్కడ గంట మోగేలోపు చేరాలని గౌను విప్పుతూనే పరిగెత్తారు, పరిగెడుతూనే వెనక్కి తిరిగి, "ఒంటిగంటకి మామ్మగారు నీకోసం చూస్తుంటారు, మర్చిపోకు అమ్మాయ్" అన్నారు. ఎలా మర్చిపోతాను, వారం రోజులుగా నాకు అదే ధ్యాస. నేను మర్చిపోయింది ఇంకోటి. ఎదురుగా అరమీద చిన్న గాజు సీసా ఉంది, నిన్న నేనే వేడినీళ్ళతో కడిగి బోర్లించాను. ప్రభువు బల్ల దగ్గర అందరూ తాగగా మిగిలిన ద్రాక్షరసంలోంచి మామ్మగారి వాటా దాన్లో పోసి, మూత బిగించి, వీధి దాటి, ఎదురింటి మేడమెట్లెక్కి ఆవిడకి అందించాలి. సీసా ఖాళీ. వెండి పాత్రా ఖాళీ. మామ్మగారి వాటాతో సహా మొత్తం నా కడుపులో ఉంది. ఇప్పుడు పన్నెండు.

ఏం జరిగిందంటే పెద్దగా ఏమీ జరగలేదు, అలవాటులో పొరపాటు. అయ్యగార్లని తయారుచేసే మా సెమినరీ నుంచి ఏటా ఇద్దర్ని ఈ దేశానికి పంపుతారు, వారమంతా ఇక్కడి లూథరన్ సెమినరీలో పాఠాలు, ఆదివారం ఏదో ఒక చర్చిలో పని నేర్చుకోవడం. నాతో వచ్చిన పొడుగాయనకి ఊరి మధ్య పెద్ద చర్చి దొరికింది, రంగుటద్దాలు, ఆర్గను, మైకులు, ఆయన పొడుగుకి తగ్గ పైకప్పు. నాకీ కారే కప్పు దొరికింది. "నీకేంటమ్మా, నీ మందని వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు, ఒక్క గొర్రె తప్పిపోయినా ఇట్టే తెలిసిపోతుంది" అని ఏడిపిస్తాడు. నిజమే, ఇవాళ వచ్చింది పదిహేను ఇరవై మంది. బల్ల సిద్ధం చేసే పని నాకు అప్పజెప్పడం ఇదే మొదలు. పాత్ర వెండిది, లోపల బంగారుపూత, రెండు చేతులూ పట్టేంత. రాత్రంతా ఆ వెండి పాత్ర కలలోకొచ్చింది. రొట్టె బిళ్ళలు పళ్ళెంలో పేర్చాను, మామ్మగారికి రెండు విడిగా చిన్న డబ్బాలో పెట్టాను, అది గుర్తుంది చూడండి, తరవాత పెద్ద వైను సీసా ఎత్తి పాత్రలోకి వంచాను. వంచిన చెయ్యి వంచినట్టే ఉంది. ఆ చెయ్యి నాది కాదు, మా నాన్నది. అయ్యగారు పాత్ర పైకెత్తినప్పుడు ఆయన కనుబొమలు కూడా దానితో పాటు లేచాయి, ఇంత బరువేంటని, కానీ నోరు మాత్రం చెప్పాల్సిన మాటలే చెప్పింది. జనం వచ్చి మోకరించారు, తలా ఒక గుక్క, అదీ పిచ్చుక గుక్క, లేచి వెళ్ళి కూర్చున్నారు. పాత్రలో మట్టం తగ్గిందో లేదో వంగి చూస్తేగానీ తెలియలేదు. అంతా అయ్యాక జనానికి వీపు తిప్పి అయ్యగారు నెమ్మదిగా అన్నారు, "ఇక్కడ మిగల్చకూడదు, పారబొయ్యకూడదు. నేను బీపీ మాత్రలు వేసుకుంటాను, ఒక గుక్క తాగుతాను. మిగతాది నీది." "అంతా నాదేనా అండీ?" అన్నాను. "పోసిందెవరు?" అన్నారు. అంతే, నిలబడి తాగాను. గొంతు మండింది, చెవులు మండాయి, తరవాత మండటం మానేశాయి. అడుగున నీళ్ళు పోసి తొలిచి ఆ నీళ్ళూ తాగాను. తెల్లగుడ్డతో తళతళలాడేలా తుడిచాను. గుడ్డ మీద అరచేయంత ఎర్ర మరక పడింది, అది చూసి కూడా పని బాగా చేశానే అనుకున్నాను. ఈ గదిలోకొచ్చి అరమీది సీసా చూసేవరకూ ఆ తృప్తి అలాగే ఉంది.

మా నాన్న దర్జీ. మిషను ముందు కూర్చుంటే ఆయనంత పిసినారి లేడు, జేబుకి మిగిలిన ముక్కతో కాలరు పట్టీ, కాలరుకి మిగిలిన ముక్కతో పిల్లల బొమ్మకి చొక్కా, దారం తెంపేటప్పుడు కూడా పళ్ళదాకా పొదుపుగా లాగేవాడు. అలాంటి మనిషి నెలకోసారి చర్చిలో బల్ల సిద్ధం చేసేటప్పుడు మాత్రం ఇంకెవరి చెయ్యో అప్పు తెచ్చుకున్నట్టుండేవాడు. మాకక్కడ వైను లేదు. శనివారం అమ్మా పెద్దమ్మా నల్లద్రాక్ష ఉడకబెట్టి, నాన్న పాత పంచె ముక్కలో పోసి పిండేవాళ్ళు, ఇద్దరూ చెరోవైపు పట్టుకుని మెలిపెడుతూ ఊళ్ళో వాళ్ళందరి విషయాలూ మాట్లాడుకునేవాళ్ళు, రసం దిగేసరికి ఊరు కూడా పిప్పయ్యేది. మర్నాడు నాన్న సన్నకొమ్మున్న చెంబుతో వేలెడంత గాజు గ్లాసుల్లో పోసుకుంటూ వెళ్ళేవాడు, పళ్ళేల నిండా గ్లాసులు, వరుస తరవాత వరుస, చుక్క కింద పడేది కాదు. మూడొందల మంది వస్తే ఇంకో రెండు పళ్ళేలు ఎక్కువ. "ఎందుకు నాన్నా ఇన్ని?" అని అడిగితే, "మిగిల్తే మనం తాగుతాం. తక్కువైతే ఎవరితో చెప్పుకుంటాం?" అనేవాడు. మిగిలినవన్నీ నేనూ తమ్ముడూ ఎగబడి తాగేవాళ్ళం, మధ్యాహ్నం దాకా నాలుకలు ఊదారంగులో ఉండేవి, ఎవరి నాలుక ఎక్కువ ఊదా అని అద్దం దగ్గర పోట్లాడుకునేవాళ్ళం. ఇవాళ లేచి అద్దంలో చూసుకోవాలి. లేవడం తరవాత సంగతి.

అందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టు, పోయిన ఏడాది స్త్రీల సమాజం మీటింగులో తాగుడు వల్ల కలిగే అనర్థాల మీద గంటసేపు మాట్లాడింది నేనే. చప్పట్లు కూడా కొట్టారు. ఒకావిడైతే మైకు లాక్కుని, మా ఆయన్ని కూడా ఈ అమ్మాయి ముందు కూర్చోబెట్టాలి అంది. ఇప్పుడు నా ముందు ఎవరు కూర్చుంటారు, కూర్చున్నా నాకు ఇద్దరేసి కనిపిస్తారు. మా ఆయన చూస్తే నవ్వడు, లెక్కల మాస్టారు కదా, కళ్ళజోడు సర్దుకుని, మనిషి బరువెంత, తాగిందెంత, ఎంతసేపట్లో దిగుతుంది అని బోర్డు మీద వేస్తాడు, వేసి, "ఒంటిగంటకి మామూలు మనిషివవుతావు, నీళ్ళు తాగు" అంటాడు. నీళ్ళు తాగుతున్నాను బాబూ, ఇది మూడో గ్లాసు. ఆయన్ని తల్చుకుంటే నవ్వొస్తోంది, నవ్వుతో పాటు ప్రేమా వస్తోంది, మామూలప్పుడు ఈ రెండూ విడివిడిగా వస్తాయి. నేను ఇటొచ్చినప్పట్నుంచి పాప జడలు ఆయనే వేస్తున్నాడు. రెండు జడలూ ఒకే పొడుగుండాలని స్కేలు పెట్టి కొలిచాడట, పాప ఫోనులో ఫిర్యాదు చేసింది, "అమ్మా, నాన్న జుట్టుకి మార్జిన్ గీస్తున్నాడు." నువ్వు వచ్చెయ్యమ్మా అని మాత్రం అనలేదు. ఎలా ఉన్నావని అడిగితే ఇద్దరూ ఒకేసారి బాగున్నాం అంటారు, వెనక పాలు పొంగిన చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు విని, సరే, బాగానే ఉన్నారు అనుకుని పడుకుంటాను.

ఇంత పని చేసి ఇంత హాయిగా కూర్చోవడం పద్ధతి కాదు. కానీ కిటికీలోంచి ఎండ పడి నా చెప్పుల మీదకొచ్చింది, గోడ పక్క వేడినీళ్ళ గొట్టం టిక్కు టిక్కు మంటోంది, ఆరిన కొవ్వొత్తుల వాసన, పాత పాటల పుస్తకాల వాసన, తడి కోట్లు వదిలిపోయిన ఉన్ని వాసన. వచ్చిన కొత్తలో ఈ వాసనకి పరాయిది, పరాయిది అని ఒళ్ళంతా అరిచేది. ఎప్పుడు మానేసిందో తెలియదు. ఒక ఆదివారం తలుపు తోసుకుని లోపలికొచ్చి, హమ్మయ్య అనుకున్నాను, అనుకున్నాక కదా తెలిసింది హమ్మయ్య అన్నానని. పరాయి ఊళ్ళో నాకు దొరికిన మొదటి హమ్మయ్య ఇదే. రెండోది మామ్మగారి ఇల్లు.

ఇస్త్రీ మామ్మ అని మనసులో పెట్టుకున్న పేరు, పైకి మామ్మగారూ అనే పిలుస్తాను. చర్చికి సరిగ్గా ఎదురుగా, వీధికి అటుపక్క, రెండో అంతస్తులో ఉంటుంది. బల్ల మీద పరిచే గుడ్డలు, పాత్ర తుడిచే గుడ్డలు, అన్నీ ఆవిడే ఉతికి ఇస్త్రీ చేస్తుంది, ఇప్పుడున్న అయ్యగారి కంటే ముందునుంచీ ఆవిడే. కానీ ఇరవై ఏళ్ళ పైచిలుకు ఈ గుమ్మం తొక్కలేదు. ఎవరో ఒకరు మూట తీసుకెళ్ళి ఇవ్వాలి, మళ్ళీ శనివారం వెళ్ళి తెచ్చుకోవాలి. ఆ పని నాకు రాగానే అంటగట్టారు, వాళ్ళంతా ఆవిడ నోటికి జడిసి తప్పించుకున్నారని నాకు తరవాత తెలిసింది. మొదటి శనివారం తలుపు తీసి నన్ను కిందనుంచి పైదాకా చూసి, "ఇస్త్రీ వచ్చా?" అంది. దర్జీ కూతుర్ని నన్నా, వచ్చండి అన్నాను ఠీవిగా. ఒక గుడ్డ ఇచ్చి చెయ్యమంది. చేశాను. తిప్పి చూసి, మళ్ళీ తడిపి నా చేతికే ఇచ్చింది. మూడు చెరువుల నీళ్ళు తాగించింది ఆ పూట. కుట్టిన సిలువ పైకి ఉబ్బాలంటే వెనకవైపు నుంచి చెయ్యాలట, మడత సిలువ మీద పడకూడదట, మూడుగా మడవాలట, మళ్ళీ మూడుగా. పాత్ర తుడిచిన గుడ్డ ఉతికేటప్పుడు మొదటి నీళ్ళు తూములో పొయ్యకూడదట, మట్టిలోనే పొయ్యాలి, ఆవిడకున్న మట్టి కిటికీలో కుండీయే కాబట్టి దాన్లో పోస్తుంది. ఆ కుండీలో మొక్క పేరు నాకు తెలియదు, ఆకులు మాత్రం అరచేతులంత ఉంటాయి, చూస్తే కళ్ళు చల్లబడతాయి. నాకు ఈ భాష సగం వచ్చింది ఆవిడ తిట్ల వల్లే. సెమినరీలో నేర్పిన భాషతో దేవుడి గుణగణాలు చెప్పగలను, మామ్మగారు నేర్పిన భాషతో కూరగాయల బజారులో బతగ్గలను. "పిల్లా, నీకు ముందు వేడెక్కడం రావాలి, ఇస్త్రీపెట్టెకి కాదు" అంటుంది నేను మెత్తగా మాట్లాడితే.

ఎందుకు రారని ఎవర్నీ అడగలేదు. నెలలు గడిచాక ఆవిడే చెప్పింది, గుడ్డ మీద నీళ్ళు చల్లుతూ, నావైపు చూడకుండా. ఆవిడ భర్త పోయినప్పుడు, అప్పటి అయ్యగారికి ఆ వారం రెండు సమాధి కార్యక్రమాలున్నాయి. మామ్మగారి భర్త పెట్టె ముందు నిలబడి, మొదట్నుంచి చివరిదాకా రెండో ఆయన పేరు చెప్పి, రెండో ఆయన మంచితనం చెప్పి, రెండో ఆయన ఆత్మకి శాంతి అడిగాడు. "ఆ అయ్యగారి సంగతి సరే, ముసలాయన, కళ్ళు కనిపించేవి కావు, తరవాత ఏడ్చాడు కూడా. పోయాడు పాపం" అంది. "గుడి నిండా జనం, పిల్లా. మా ఆయన్ని పుట్టినప్పట్నుంచీ ఎరిగినవాళ్ళు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు లేచి, అయ్యా ఇది ఆయన కాదు అన్నారా? బాగోదని కూర్చున్నారు. నాకు నోరు పెగల్లేదు, నేను పెళ్ళాన్ని, నాకు పెగలదు. వాళ్ళకేమైంది?" ఇస్త్రీపెట్టె బుస్సుమంది. అప్పట్నుంచి గుడ్డలు ఉతికింది, గడప దాటలేదు. ఇద్దరు ముగ్గురు అయ్యగార్లు వచ్చారు, కొత్త సీసా విప్పి ఇంట్లో ఇస్తామన్నారు, మందు సీసాలా నాకొక్కదానికి తేవద్దు పొమ్మంది. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అని వాళ్ళూ ఊరుకున్నారు. నిన్న కాదు, అంతకుముందు శనివారం నేను మూట కట్టుకుని లేస్తుంటే, తలుపు దగ్గర నా చెయ్యి పట్టుకుంది. ఎప్పుడూ పట్టుకోలేదు. "వచ్చే ఆదివారం నాకు తీసుకురా. వాళ్ళు తాగిందాన్లోంచే. అదే గిన్నెలోది. నా వాటా." ఆ చెయ్యి వేడిగా ఉంది, ఇస్త్రీ వేడి. వీధిలోకి వచ్చాక ఏడ్చాను, సంతోషానికే. అయ్యగారికి చెప్తే ఆయన కుర్చీలో కూలబడి, "నిన్నడిగిందా?" అని మూడుసార్లు అడిగారు.

మరి ఇప్పుడు ఏం చెయ్యను? కళ్ళు మూసుకుంటే గది ఇంకా జోరుగా తిరుగుతోంది, తెరిస్తే అరమీద సీసాలు కనిపిస్తున్నాయి, ఖాళీ సీసా పక్కనే నిండు సీసా. అదే రంగు, అదే వాసన, అదే కొట్లో కొన్నది. ఒక్క నిమిషం పని. దాని మీద ఎవరూ ప్రార్థన చెయ్యలేదు, నాకింకా పాస్టరుగా అభిషేకం కాలేదు కాబట్టి నేను చేస్తే చెల్లదు, కానీ నేను నోరు విప్పితే కదా ఆవిడకి తెలిసేది. అయ్యగారికి ఫోను చేశాను, మోగి మోగి ఊరుకుంది, ఈపాటికి అక్కడ ప్రసంగంలో ఉంటారు. ఆయన వచ్చాక కొత్తగా ప్రార్థన చేయించి సాయంత్రం తీసుకెళ్ళొచ్చు, మా సెమినరీలో గడ్డం మాస్టారైతే సిద్ధాంతం ప్రకారం రెండూ ఒకటేనని ఆరు పేజీలు చెప్తారు, నేను పరీక్షలో రాస్తే మార్కులూ వేస్తారు. మామ్మగారు ఆ పరీక్ష పెట్టలేదు. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను, గోడ పట్టుకుని. ఎదురు కిటికీలో పరదా పక్కకి లాగి ఉంది. మామ్మగారు కూర్చుని ఉంది. ఇంట్లో ఎప్పుడూ వేసుకునే మోచేతులు చిరిగిన బూడిదరంగు స్వెటరు కాదు, ఇంకేదో, ముదురు ఊదాది, మెడ దగ్గర ఏదో మెరుస్తోంది. ఇస్త్రీ బల్ల మడిచి గోడకి ఆనించింది. ఆ ఇంట్లో ఆ బల్ల మడిచి ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని వీధివైపే చూస్తోంది. నేను పక్కకి తప్పుకున్నాను, దొంగలాగా. వెళ్ళి లేదని చెప్తే, చూశావా వీళ్ళకి ఒక్క పనీ సరిగ్గా రాదు అని ఆ తలుపు మళ్ళీ మూసుకుంటే? ఇన్నేళ్ళకి ఒక్కసారి చాపిన చెయ్యి. ఇంకో ఇరవై ఏళ్ళు ఆవిడకెక్కడివి? నా చెయ్యి నిండు సీసా మీదకి వెళ్ళింది, వెళ్ళిందని అబద్ధమాడకుండా చెప్తున్నాను, మూత కూడా సగం తిరిగింది.

ఒకసారి మా చర్చిలో తక్కువైంది. నేను రెండో క్లాసో మూడో క్లాసో. ఆ రోజు ఎక్కడెక్కడి జనమో వచ్చారు, పళ్ళేలు చివరి వరుసకి చేరేసరికి ఒకావిడ దగ్గర ఆగిపోయాయి, ఆవిడొక్కదానికే లేదు. అప్పుడు నాన్న వెనక గదిలో ఉన్నాడు, చెంబు అడుగున కొంచెం మడ్డి ఉంది, కూజాలో నీళ్ళున్నాయి. రెండూ కలిపితే ఒక గ్లాసు అవుతుంది, రంగు కూడా వస్తుంది, పెద్దమ్మ కలపమని సైగ చేసింది కూడా. నాన్న ఖాళీ చేతులతో బైటికొచ్చి, అంతమంది చూస్తుండగా చివరి వరుసదాకా నడిచి, "అమ్మా, అయిపోయింది. నేను లెక్క తప్పాను" అన్నాడు. ఆవిడ చర్చి అని కూడా చూడకుండా నాన్నని చెడామడా తిట్టింది. తలొంచుకుని అంతా విన్నాడు. ఇంటికొచ్చి మాత్రం రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు, "తిట్లు తిన్నాక ఆకలి బాగా వేస్తుందే" అని. ఎందుకు చెప్పావు నాన్నా, నీళ్ళు కలిపితే పోయేదిగా అంటే, మజ్జిగ పోసుకుంటూ, "లేదని చెప్తే లేచి వెళ్తుంది. చెప్పకపోతే ఆవిడ అక్కడే కూర్చుని ఉంటుందే, తాగాననుకుని" అన్నాడు. నాకప్పుడు అర్థం కాలేదు. అప్పట్నుంచే ఆ రెండు పళ్ళేలు ఎక్కువ. మూత మళ్ళీ బిగించి నిండు సీసా లోపలికి తోశాను. ఒకాయన పేరు బదులు ఇంకొకాయన పేరు చెప్తే ఊరుకోని మనిషికి ఒకదాని బదులు ఇంకోటి పట్టుకెళ్తానా నేను. మొహం కడుక్కున్నాను. అద్దంలో నాలుక చూసుకున్నాను, ఊదారంగే, తమ్ముడు ఉంటే ఓడిపోయేవాడు. గది తిరగడం మానేసి మామూలు గదిలాగే నిలబడింది. ఖాళీ సీసా ఒక జేబులో, రొట్టె డబ్బా ఒక జేబులో, ఉతకాల్సిన గుడ్డల మూట చంకలో పెట్టుకుని వీధిలోకి వచ్చాను. చల్లగాలికి చెవులు చురుక్కుమన్నాయి. భయంగా ఉంది, కానీ నాన్న నడకేదో కాళ్ళలో ఉంది, ఆ మెట్లన్నీ అదే ఎక్కింది.

తట్టకముందే తలుపు తెరుచుకుంది. బల్ల మీద తెల్లగుడ్డ, మడతలు కత్తి అంచుల్లా ఉన్నాయి, రెండు కొవ్వొత్తులు, ఇంకా వెలిగించలేదు. అగ్గిపెట్టె చేతిలో పట్టుకుని నిలబడింది. మెడ దగ్గర మెరిసింది పెళ్ళినాటి పిన్ను అయి ఉంటుంది.

"మామ్మగారూ, తేలేదండి" అన్నాను గుమ్మంలోనే. "సీసాలో పొయ్యడం మర్చిపోయి మొత్తం నేనే తాగేశాను. రొట్టె ఉంది. చర్చిలో వేరే సీసా ఉంది, కానీ అది మీరడిగింది కాదు."

అగ్గిపెట్టె బల్ల మీద పెట్టింది. కూర్చోమనలేదు. నా చంకలోంచి మూట లాక్కుని, విప్పి, పాత్ర తుడిచిన గుడ్డ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది.

"ఎంతమందికి పోశావు?"

"మా ఊరి లెక్కలో పోశానండి. మూడొందల మందికి."

"మూడొందల మందికి పోసి ఎదురింటి మనిషికి లేదు."

"లేదండి."

"వేరే సీసాలోది తెచ్చి ఊరుకుంటే నాకు తెలిసేది కాదుగా."

"తెలిసేది కాదండి."

ఆ గుడ్డ అలాగే పట్టుకుని నావైపు తిరిగింది. తిట్లకి సిద్ధంగా తలొంచుకున్నాను. దగ్గరికొచ్చి, నా గడ్డం పట్టుకుని పైకెత్తి, ముక్కు పెట్టి వాసన చూసింది, "నిజంగానే తాగావే" అంది, అంటూనే ఆవిడ భుజాలు కదిలాయి, మొదట ఏడుస్తోందనుకున్నాను, నవ్వుతోంది. నవ్వీ నవ్వీ బల్ల పట్టుకుంది. నాకూ ఆగలేదు. రొట్టె డబ్బా మూత తీసి చూసి, మళ్ళీ మూసి, నా జేబులో పెట్టింది, "సగం సగం పనులు నాకు నచ్చవు." తరవాత గిన్నెలో నీళ్ళు పోసి గుడ్డ ముంచింది. నీళ్ళు గులాబీరంగుకి తిరిగాయి, ఎప్పటికంటే ముదురుగా. గిన్నె రెండు చేతులతో పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి కుండీలో వంచింది, చివరి చుక్క దాకా, తొందర లేకుండా. అక్కణ్ణుంచి చర్చి తలుపు సూటిగా కనిపిస్తుంది.

"ఇన్నేళ్ళూ నా వాటా ఈ మొక్క తాగింది" అంది. "ఇవాళ నువ్వు తాగావు." గుడ్డ పిండి, దులిపి, కుర్చీ వీపు మీద ఆరేసింది. "శనివారం నువ్వు రానక్కర్లేదు పిల్లా."

"కోపమొచ్చిందా మామ్మగారూ?"

"ఇస్త్రీ గుడ్డలు ఆదివారం పొద్దున్న నేనే పట్టుకొస్తాను."